ఉరికేందుకు జాగ

జూలై 2, 2025. బుధవారం.
కొత్త జాతీయ క్రీడా విధానానికి కేంద్ర మంత్రివర్గం నిన్న ఒప్పుకుంది. పేరు ఖేలో భారత్ నీతి. ఇంతకుముందుది 2001 నాటిది. అప్పుడు మూడో తరగతిలో ఉన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు మూడో తరగతి. మా బాన్సువాడలో ఈ పిల్లలు ఎక్కడ ఉరుకుతున్నారో చూసి రాసుకోవాలనిపించింది.

జూలై 3. గురువారం.
తెల్లవారకముందే రోడ్డు మీద అడుగుల చప్పుడు. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పోరగాళ్లు. 2022 నోటిఫికేషన్ లెక్క వాళ్లకు నోటికి వచ్చు. మగవాళ్లకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.
కల్వర్టు గోడ మీద తెల్లరంగు గీత. అక్కడ మొదలు. పెట్రోల్ బంకు దాటినాక ఇంకో గీత. అదే వాళ్ల ట్రాక్. అదే దారిన లారీలు, ట్రాక్టర్లు, పొద్దుటి మొదటి బస్సు.
అందరికన్నా వెనక ఉన్నవాడు ఫోన్ లైటు వెనక్కి తిప్పి పట్టుకొని ఉరుకుతున్నాడు. లారీవాడికి కనబడాలని.

జూలై 5. శనివారం.
పక్కింటి పిల్లవాడు, నాలుగో తరగతి. బడికి ఆటోలో పోతాడు. వాళ్ల మిద్దె మీద నిలబడితే బడి కనబడుతుంది.
“నడిచి పోవచ్చు గద బిడ్డా” అన్నాను వాళ్లమ్మతో.
“సడక్ దాటాలె గద సార్.”
ఆమె భయం నిజమైనది. నా దగ్గర జవాబు లేదు.

జూలై 6. ఆదివారం.
“ఉరకకు” అని పిల్లలతో అనగా ఈ వారం విన్న చోట్లు:
బడి వరండా.
ఫంక్షన్ హాలు.
గుడి మెట్లు.
మిద్దె మీది వాటా. కింద అద్దెకున్నవాళ్లకు చప్పుడవుతుందని.
గల్లీ. మూల మీదినుంచి బైకు వస్తుందని.
ఆసుపత్రి వరుస.
“ఉరుకు” అనగా విన్నది ఒక్కచోటే. బస్సు కదిలినప్పుడు.

జూలై 8. మంగళవారం.
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచే పని ఉండాలి. వారంలో కనీసం మూడు రోజులు గట్టిగా రొప్పు వచ్చేటట్టు. ఆ సంస్థవాళ్లే 2016 నాటి లెక్కలు తీశారు. 11 నుంచి 17 ఏళ్లవాళ్లలో ప్రపంచం మొత్తం మీద 81 శాతానికి ఆ గంట దొరకడం లేదు. దక్షిణ కొరియా ఆడపిల్లల్లో 97 శాతానికి లేదు.
పేద దేశం, ధనిక దేశం తేడా లేదు. గంట లేదు.

జూలై 9. బుధవారం.
పదో తరగతి పిల్లను అడిగాను, ఆటల పీరియడ్ ఎప్పుడని.
“గురువారం సార్. గురువారం లెక్కలు చెప్తరు.”

జూలై 11. శుక్రవారం.
నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు. తెలంగాణ ఇంజినీర్ల దినం. నిజాంసాగర్ ఆయన కట్టించినదే. మంజీర మీద 1923లో మొదలు, 1931లో పూర్తి. మా చుట్టూ ఇంత పచ్చగా ఉన్నదంటే ఆ నీళ్ల వల్లే. ఆ నీళ్లను నమ్ముకొని కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ల ఊర్లు ఇప్పటికీ క్యాంపులే. క్యాంపు పిల్లలూ తండా పిల్లలూ ఒకే వ్యాన్ ఎక్కి బాన్సువాడ బడులకు వస్తారు.
కాలువ ఉన్నంత దూరం పక్కన కట్ట. కట్ట మీద బాట. నీళ్లు చూసుకునే లష్కర్లు నడవడానికి. వందేళ్ల కిందే, మోటార్లు లేని దారి.

జూలై 13. ఆదివారం.
కాలువ కట్ట మీద నడిచాను. తుమ్మలు, వేపలు. అడ్డంగా సడక్ తగలకుండా చాలా దూరం పోవచ్చు. ఇద్దరు పిల్లలు టైరు దొర్లించుకుంటూ ఎదురొచ్చారు. అన్నాతమ్ముళ్లు. చిన్నవాడు నీళ్ల వైపు ఉరుకుతున్నాడు. పెద్దవాడు వాడిని లోపలి వైపుకు లాగి తాను నీళ్ల వైపు వచ్చాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.
లష్కర్ పని చేసి దిగిపోయిన ముసలాయన ఒకరు తూము దగ్గర కూర్చొని ఉన్నాడు. అడిగితే అన్నాడు: “ఎండకాలం ఉరకనియ్యి సార్. నీళ్లు వదిలినంక మాత్రం వద్దు. గోడ నున్నగుంటది. పడ్డోడు ఎక్కలేడు.”
నీళ్ల వైపు నడుమెత్తు కంచె. అక్కడక్కడ దిగి ఎక్కే మెట్లు. ఆ రెండూ ఉంటే జిల్లాలో పిల్లలకు ఇంతకన్నా మంచి బాట దొరకదు. లేకుంటే ఇంతకన్నా ప్రమాదకరమైనదీ లేదు.

జూలై 15. మంగళవారం.
ఫౌజా సింగ్ పోయాడు. 114 ఏళ్లు. నూరేళ్ల వయసులో, 2011లో, టొరంటోలో మారథాన్ పూర్తి చేసిన మనిషి. నిన్న జలంధర్ దగ్గర తన సొంత ఊరి పక్కన నడుస్తుంటే కారు గుద్దింది.
లండన్, న్యూయార్క్, టొరంటో. అన్ని ఊర్ల రోడ్ల మీద ఉరికి వచ్చాడు. ఆ రోజుల్లో ఆ రోడ్ల మీద బండ్లు ఆపారు.

జూలై 16. బుధవారం.
కేంద్ర రవాణా శాఖ 2022 లెక్క. దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491. అందులో నడిచిపోతున్నవాళ్లు 32,825. అయిదుగురిలో ఒకరు, ఏ బండీ ఎక్కనివాళ్లు.

జూలై 18. శుక్రవారం.
నాట్లు. దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కుతున్నాయి. డాంబరు మీద గాట్లు. మడి బురద పెళ్లలుగా పడి ఎండి రాయైపోతుంది. పొద్దున ఉరికే ఆడపిల్ల ఒకతె మడమ మెలిపడి కల్వర్టు మీద కూర్చొని ఉంది. పక్కన ఆమె తండ్రి, బైకు మీద. రోజూ ఆమె వెనకాలే మెల్లగా బండి నడుపుతూ వస్తాడట. వెలుగు కోసం, తోడు కోసం.
కూలి పనికి పోయే మనిషి. పొద్దుటి గంట బిడ్డకిచ్చి తర్వాత పనికి పోతాడు.

జూలై 20. ఆదివారం.
కల్కి చెరువు కట్ట. ఊర్లో నడక అంటే ఇదే. పెద్దమనుషులు, షుగర్ ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, కొత్తగా పెళ్లైన జంటలు. పిల్లలు తక్కువ. వచ్చినవాళ్లు కూడా పెద్దల మధ్య సందుల్లోంచి ఉరకాలి.
“సైడు, తాతా!”
తాత పక్కకు జరిగి నవ్వాడు. ఇంకో తాత కసిరాడు. ఇద్దరిదీ న్యాయమే. ఒక్క బాట మీద రెండు వేగాలు కుదరవు. మధ్యన తెల్లగీత ఒకటి గీస్తే చాలు. కుడివైపు నడక, ఎడమవైపు ఉరుకుడు.

జూలై 21. సోమవారం.
చెరువు కట్టలంటే గుర్తొచ్చింది. మిషన్ కాకతీయ మొదలైంది మా జిల్లాలోనే. 2015 మార్చి 12, సదాశివనగర్. అప్పుడు నిజామాబాద్ జిల్లా. ఇప్పుడు కామారెడ్డి. పూడిక తీసిన మట్టి పొలాలకు పోయింది, కట్టలు గట్టిపడ్డాయి. కొన్ని కట్టలు మినీ ట్యాంక్‌బండ్‌లయ్యాయి. కట్ట ఉన్న ప్రతి ఊరికీ బాట సగం ఉన్నట్టే. కట్ట మీదికి బైకు ఎక్కకుండా అడ్డం, ఒక లైటు. మిగతా సగం అది.

జూలై 23. బుధవారం.
డ్రిల్లు సార్ ఒకరితో మాట్లాడాను. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకుంటున్నా.
“పేవర్ బ్లాకుల మీద ఉరికిస్తే పిల్లలకు మోకాలి కింద ఎముక గుంజుతది సార్. సిమెంటు మీద ఇంకా ఎక్కువ. మాకు రంగు ట్రాకు వద్దు. మొరం కావాలె. తడిపి రోలర్ తిప్పిన మొరం. దాని మీద వట్టి కాళ్లతోని ఉరికినా ఏం గాదు.”

జూలై 24. గురువారం.
లెక్క వేశాను. కిలోమీటరు పొడవు, రెండు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం. 300 ఘనపు మీటర్ల మొరం. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లయితే ముప్పై. రోలర్ తిప్పాలి. నీళ్లు పోయే సైడు కాలువ తీయాలి, నల్లరేగడిలో అది లేకుంటే మొదటి వానకే మొరం మునుగుతుంది. లైట్ల స్తంభాలు.
రింగ్ రోడ్డు పక్కన ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లాటు నింపడానికి ఇంతకన్నా ఎక్కువ మొరం పోయిస్తున్నారు.

జూలై 26. శనివారం.
డబ్బు ఎక్కడున్నది. ఒక కాగితం మీద రాసుకున్నవి:
మున్సిపాలిటీల చట్టం 2019. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి. చెట్ల నీడలో బాట పచ్చదనమే.
15వ ఆర్థిక సంఘం గ్రాంటు. అరవై శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉంటుంది. నలభై శాతం ఊరి అవసరానికి.
ఎంపీ నిధి. ఏడాదికి 5 కోట్లు. మనది జహీరాబాద్ నియోజకవర్గం. పదిహేను శాతం ఎస్సీ వాడలకు, ఏడున్నర శాతం ఎస్టీ తండాలకు. పిల్లల బాట మొదట అక్కడ వేసినా నిబంధన ఒప్పుకుంటుంది.
కంపెనీల సామాజిక బాధ్యత. 2013 చట్టం, 135వ సెక్షన్, లాభంలో రెండు శాతం. జాబితాలో గ్రామీణ క్రీడల శిక్షణ ఉన్నది.
కాగితం చిన్నదే. నిండింది.

జూలై 28. సోమవారం.
ఆ కాగితం ఒక ఇంజినీరుకు చూపించాను. చదువుకున్న పిల్లవాడు, ఓపికగా చూశాడు.
“కట్టడానికి ఇవన్నీ వస్తయ్ సార్. ఊడ్వడానికి ఏదీ రాదు.”
ఎంపీ నిధి శాశ్వత ఆస్తులకే. జీతాలకు, నిర్వహణకు ఇవ్వరు. వాడుకునే సంస్థ నిర్వహణ తన మీద వేసుకుంటానని రాసివ్వాలి.
అంటే ప్రారంభోత్సవానికి డబ్బుంది. మర్నాడు పొద్దుటికి లేదు. మర్నాటికి చీపురు పట్టే మనిషి జీతం ముందే రాయని ఎస్టిమేటు మీద సంతకం చెయ్యకూడదు.

జూలై 29. మంగళవారం.
నాగుల పంచమి. గల్లీలో చెట్టుకు ఉయ్యాల కట్టారు. ఆడపిల్లలంతా వరుసలో. సాయంత్రం దాకా ఊగారు, ఉరికారు, అరిచారు. గల్లీకి రెండు వైపులా ఎవరో మంచాలు అడ్డం వేశారు. బండ్లు రాలేదు.
రెండు మంచాలు.

ఆగస్టు 1. శుక్రవారం.
తల్లిపాల వారోత్సవాలు మొదలు. పుట్టిన గంటలోపు బిడ్డకు పాలు పట్టించాలని ఈ ఊరి మాతాశిశు ఆసుపత్రి నర్సులు పట్టుపట్టి చేసిన పనికి దేశంలో పేరొచ్చింది. పెద్ద మిషన్లతో కాదు. తల్లి పక్కన కూర్చొని చెప్పే మనుషులతో.
బిడ్డ మొదటి గంటను ఇంత కాపాడుకున్న ఊరు, అదే బిడ్డ పదో ఏట సాయంత్రం గంటనూ కాపాడుకోగలదు. నాకు నమ్మకం ఉంది.

ఆగస్టు 3. ఆదివారం.
నిన్న హైదరాబాద్‌లో స్పోర్ట్స్ కాంక్లేవ్. రాష్ట్రానికి కొత్త క్రీడా విధానం. స్టేడియాలు, అకాడమీలు, ప్రైవేటు భాగస్వామ్యం. మంచిదే. పతకాలు రావాలి.
పతకం తేవాల్సిన అవసరం లేని పిల్లలు ఎక్కువ. వాళ్లకూ కాళ్లున్నాయి.

ఆగస్టు 5. మంగళవారం.
నిఖత్ జరీన్ మన నిజామాబాద్ బిడ్డ. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్. బాక్సింగ్‌కు రాకముందు ఉరికేది. తండ్రి మైదానానికి తీసుకుపోయేవాడు. మైదానం ఉంది కాబట్టి ఉరికింది. ఉరికింది కాబట్టి పక్కన బాక్సింగ్ చేసేవాళ్లు కంటబడ్డారు. ఆడపిల్లలు ఎందుకు చెయ్యరని అడిగింది.
మైదానం చేసే పని అది. ఒక పిల్లను ఇంకో పని కంటబడేచోట నిలబెడుతుంది.

ఆగస్టు 6. బుధవారం.
మాలావత్ పూర్ణ. పాకాల మనిషి. తాడ్వాయి గురుకులంలో చదివింది. తాడ్వాయి ఇప్పుడు మన జిల్లా. 2014 మే 25న ఎవరెస్టు. పదమూడేళ్ల పదకొండు నెలలు. మొదటి కొండ భువనగిరి గుట్ట.
గురుకులం పిల్లలకు పొద్దున లేచి ఉరికే గంట ఉంటుంది. పట్నం ప్రైవేటు బడి పిల్లలకు ఆ గంటలో వ్యాన్ వస్తుంది.

ఆగస్టు 9. శనివారం.
రాఖీ. ఎదురింటి పన్నెండేళ్ల పిల్ల అన్నకు కట్టింది.
“ఏం గావాలె చెల్లె?”
“బూట్లు.”
“నువ్వేడ ఉరుకుతవే?”
“మిద్దె మీద. నీళ్ల ట్యాంకు చుట్టూ.”
అన్న బజారుకు తీసుకుపోయాడు. బూట్లు కొన్నాడు. ట్యాంకు చుట్టూ తిరగడానికి.

ఆగస్టు 10. ఆదివారం.
ఆడపిల్లలు ఎనిమిదో తరగతి తర్వాత గ్రౌండ్‌లో కనబడరు. ఎందుకని నలుగురు తల్లుల్ని అడిగాను. చెప్పినవి: చీకటి. లైట్లు లేవు. మగపిల్లలు క్రికెట్ ఆడుతూ జాగంతా పట్టుకుంటారు. లెట్రిన్ లేదు. చున్నీ. “మంది ఏమంటరో.”
ఆరింట్లో నాలుగు ఎస్టిమేటులో రాయదగినవే. మొదటి నాలుగు అయితే మిగతా రెండూ వాటంతట అవే సగమవుతాయి.

ఆగస్టు 12. మంగళవారం.
కుక్కలు. మా వీధి పిల్లలు ఎటు ఉరకాలో కుక్కలే తేలుస్తాయి. చికెన్ సెంటర్ వైపు పోరు. కాలేజీ గోడ వైపు పోతారు. ఉరికేవాడిని కుక్క తరుముతుంది, నడిచేవాడిని తరమదు. అందుకని కొందరు పిల్లలు ఉరకడమే మానేశారు.
కుక్కలకు ఆపరేషన్, టీకా, మాంసం వ్యర్థాలు ఎత్తడం. పిల్లల బాట ఖర్చులో ఇవీ రావాలి. కంచె ఒక్కటే చాలదు.

ఆగస్టు 15. శుక్రవారం.
జెండా. పరుగు పందెం. వంద మీటర్లు. సున్నంతో గీతలు. వట్టి కాళ్లతో ఒక పిల్ల అందరికన్నా ముందు వచ్చి, గీత దాటినా ఆగలేదు. గోడ దాకా పోయి గోడ ముట్టుకొని వచ్చింది.
“ఎందుకు పోయినవ్?”
“జాగ ఉన్నది గద సార్.”

ఆగస్టు 16. శనివారం.
రాత్రి వాన. సున్నం గీతలు పోయాయి. మళ్లీ గీసేది జనవరి 26న.

ఆగస్టు 18. సోమవారం.
స్కాట్లాండ్‌లో స్టర్లింగ్ అనే ఊరు. 2012 ఫిబ్రవరిలో అక్కడి సెయింట్ నినియన్స్ ప్రాథమిక బడి ప్రధానోపాధ్యాయురాలు ఎలైన్ వైలీ పిల్లల్ని రోజూ పదిహేను నిమిషాలు బడి చుట్టూ ఉరికించడం మొదలుపెట్టింది. ఆటబట్టలు మార్చడం లేదు. పోటీ లేదు. అలసినవాళ్లు నడవొచ్చు. డైలీ మైల్ అని పేరొచ్చి చాలా దేశాలకు పాకింది.
డ్రిల్లు సార్‌కు చెప్పాను. “పదిహేను నిమిషాలు మాకు ప్రార్థన అయితది సార్” అన్నాడు. కాసేపాగి, “ప్రార్థన తర్వాత గ్రౌండ్ చుట్టూ ఒక చుట్టు తిప్పి క్లాసుకు పంపొచ్చు” అన్నాడు.

ఆగస్టు 20. బుధవారం.
డ్రిల్లు సార్ మొదలుపెట్టాడు. ఆరో తరగతి వాళ్లతో. లెక్కల సార్ కిటికీలోంచి చూస్తున్నాడు. పిల్లలు క్లాసుకు రొప్పుతూ వచ్చారు, ఎర్రబడిన మొఖాలతో. కాసేపు నీళ్ల గోల. తర్వాత నిమ్మళం.

ఆగస్టు 21. గురువారం.
హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్. మీద సోలార్ కప్పు. 2023 అక్టోబర్ 1న తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. ఎండ లేదు, లారీ లేదు. పని చెయ్యాలనుకుంటే ఏమి చెయ్యొచ్చో దానితో తెలిసింది.
కామారెడ్డి జిల్లాకు 23 అక్కరలేదు. బాన్సువాడకు ఒకటి. ఎల్లారెడ్డికి ఒకటి. కామారెడ్డికి రెండు.

ఆగస్టు 24. ఆదివారం.
హైదరాబాద్ మారథాన్. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా. మా గల్లీ నుంచి పోయిన సాఫ్ట్‌వేర్ పిల్లవాడు మెడలో మెడల్‌తో ఫోటో పంపాడు. కింద రాశాడు: ఫ్లైఓవర్ మీద ఒక్క బండీ లేదు మామా, నిశ్శబ్దంగా ఉంది, చిన్నప్పుడు మన కాలువ కట్ట లెక్క.

ఆగస్టు 25. సోమవారం.
కొలంబియాలో బొగోటా. 1974 నుంచి ఆదివారాలు పెద్ద రోడ్ల మీద మోటార్లు ఆపేస్తున్నారు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. నూటఇరవై కిలోమీటర్లకు పైగా. పిల్లలు, ముసలివాళ్లు, సైకిళ్లు. మన దేశంలో 2013లో గురుగ్రామ్ రాహ్‌గిరి అని మొదలుపెట్టింది.
బాన్సువాడలో ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఒక రోడ్డు. బస్సులు తిరగని రోడ్డు. నాలుగు బారికేడ్లు, ఇద్దరు హోంగార్డులు. మొరం కూడా అక్కరలేదు.

ఆగస్టు 28. గురువారం.
నిన్న వినాయక చవితి. మండపాల మీద టార్పాలిన్లు ఆగలేదు. కామారెడ్డి మునిగింది. రైళ్లు ఆగాయి. మంజీర పొంగింది. నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. ఫోన్లు కలవడం లేదు. ఇవాళ ఉరుకుడు గురించి రాయడానికి ఏమీ లేదు. అందరూ బతికి ఉండాలి.

ఆగస్టు 29. శుక్రవారం.
జాతీయ క్రీడా దినం. బడులు మూసి ఉన్నాయి. పోలీసు ఉద్యోగానికి ఉరికే పోరగాళ్లు కొందరు వరద ఊర్లకు బియ్యం మూటలు మోస్తున్నారు. మోకాలి లోతు నీళ్లలో. ఊపిరి అందుతోంది వాళ్లకు.

సెప్టెంబర్ 3. బుధవారం.
వాన వెలిసింది. కాలువ కట్ట కొన్నిచోట్ల కోసుకుపోయింది. జూలైలో నేను నడిచిన జాగలో గండి. కట్ట బాగుచేసేవాళ్లు ఎటూ రావాలి. మట్టి ఎటూ పోయాలి. బాట అప్పుడే వేస్తే రెండు పనులు ఒక్క రోలర్‌తో అవుతాయి.

సెప్టెంబర్ 6. శనివారం.
విద్యాహక్కు చట్టం, 2009. చివరి పట్టికలో బడికి ఏమేం ఉండాలో రాసి ఉంది. గదులు, తాగే నీళ్లు, మరుగుదొడ్లు, ఆటస్థలం. చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఒక బడి ఉంది. పేరు రాయను. అక్కడి పిల్లలు ఇంటర్వెల్‌లో మెట్ల మీద కూర్చుంటారు. పైకి కిందికి దిగి ఎక్కే ఆట ఒకటి కనిపెట్టుకున్నారు. గెలిచినవాళ్లు పై మెట్టు మీద నిలబడతారు.

సెప్టెంబర్ 7. ఆదివారం.
పక్క గ్రామం. 2022లో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో ఒకటి. నీలం బోర్డు. లాంగ్‌జంప్ గుంటలో గడ్డి నడుమెత్తు. పిల్లలు కొడవళ్లు తెచ్చి కోస్తున్నారు. ఇంట్లో బర్రె ఉన్నవాళ్లు మోపు కట్టుకొని పోయారు. సాయంత్రానికి గుంట బయటపడింది. దూకారు.
ఏడాదికి నాలుగుసార్లు ఉపాధి కూలీలతో ఆ గడ్డి కోయిస్తే ఈ పిల్లలకు దూకే పొద్దు మిగులుతుంది.

సెప్టెంబర్ 11. గురువారం.
కొత్త వెంచర్లు. ఊరి చుట్టూ రంగు జెండాలు, సున్నపు రాళ్లు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగ వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. ఒక వెంచర్‌లో ఆ పది శాతం ఎక్కడని అడిగాను. మూలకు, వాగు పక్కన, మూడు మూలల ముక్క చూపించారు. ఇల్లు కట్టడానికి పనికిరాని ముక్క.
అయినా చుట్టూ తిరిగితే రెండు వందల మీటర్లు వస్తుంది. అయిదు చుట్లు కిలోమీటరు. కబ్జా కాకముందే చుట్టూ బాట వేస్తే జాగా దక్కుతుంది, పిల్లలూ ఉరుకుతారు. రోజూ మనుషులు తిరిగే జాగను ఎవరూ కబ్జా చెయ్యలేరు.

సెప్టెంబర్ 14. ఆదివారం.
పిల్లల బాట కోసం దరఖాస్తు రాశాను. బాన్సువాడ 2018లో మున్సిపాలిటీ అయింది. 19 వార్డులు. పాలకవర్గం గడువు ఈ జనవరిలో అయిపోయింది. ఇప్పుడు ప్రత్యేక అధికారి. ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఇల్లిల్లూ తిరుగుతారు. పోటీ చేసేవాళ్లకు కూడా ఒక్కొక్క కాపీ ఇవ్వాలని పెట్టుకున్నా.

సెప్టెంబర్ 15. సోమవారం.
దరఖాస్తు కింద సంతకాలు. పక్కింటి తల్లి పెట్టింది. బైకు మీద వెనకాల వచ్చే తండ్రి పెట్టాడు. డ్రిల్లు సార్. లెక్కల సార్ కూడా, అడగకుండానే. లష్కర్ ముసలాయన వేలిముద్ర వేసి, “కంచె అని రాసినవా?” అని అడిగాడు. రాశానని చదివి వినిపించాను.

సెప్టెంబర్ 18. గురువారం.
లండన్‌లో బుషీ పార్కు. 2004 అక్టోబర్‌లో పదముగ్గురు ఉరికారు. పార్క్‌రన్ అలా మొదలైంది. చిన్నపిల్లలకు వేరుగా రెండు కిలోమీటర్లు, నాలుగేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా. డబ్బు తీసుకోరు. దారి చూపేది, టైము రాసేది ఊరి మనుషులే.
పదముగ్గురు మా గల్లీలోనే దొరుకుతారు.

సెప్టెంబర్ 21. ఆదివారం.
ఎంగిలిపూల బతుకమ్మ. గ్రౌండ్ ఊడ్చారు. గుంతల్లో మొరం పోశారు. పెద్ద లైట్లు కట్టారు. ఇసుక, నీళ్ల ట్యాంకర్. ఆ దారిన బండ్లు ఆపారు, పోలీసులు నిలబడ్డారు. ఆడవాళ్లంతా చీకటి పడినాక, భయం లేకుండా. పిల్లలు ఆ వలయాల చుట్టూ ఉరుకుతున్నారు. ఎవరూ “ఉరకకు” అనలేదు.
ఊడ్పు, మొరం, లైటు, బండ్లు ఆపడం. నేను దరఖాస్తులో అడిగినవన్నీ ఇవాళ అయ్యాయి. ఒక్క మధ్యాహ్నంలో.

సెప్టెంబర్ 22. సోమవారం.
లైట్లు ఇంకా ఉన్నాయి, సద్దుల బతుకమ్మ దాకా ఉంటాయి. బూట్లు కొనిపించుకున్న ఎదురింటి పిల్ల సాయంత్రం గ్రౌండ్‌లో కనబడింది. ఉరుకుతోంది. వెంట ముగ్గురు నేస్తాలు. ఎనిమిదో తరగతి దాటినవాళ్లు కూడా ఉన్నారు.

అక్టోబర్ 1. బుధవారం.
లైట్లు విప్పుతున్నారు. కరెంటు పనివాడిని అడిగాను, ఉంచితే ఏమవుతుందని. “బిల్లు ఎవరు కడతరు సార్?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దరఖాస్తులో ఇంకో వరస కలిపాను.

అక్టోబర్ 3. శుక్రవారం.
దరఖాస్తు చివరి రూపం. ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నా.
ఊర్లో కిలోమీటరు మొరం బాట ఒకటి. బండి ఎక్కకుండా రెండు చివరలా అడ్డం. కాలువ వెంట అయితే నీళ్ల వైపు కంచె. లైట్లు, వాటి నెల బిల్లు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి. ఊడ్చే మనిషికి జీతం, మొదటి ఏడాదికి కాదు, ప్రతి ఏడాదీ. అది వేసేదాకా ఆదివారం పొద్దున రెండు గంటలు ఒక రోడ్డు మీద బండ్లు ఆపాలి. దానికి రూపాయి నిధి అక్కరలేదు. వచ్చే ఆదివారం నుంచే చెయ్యొచ్చు. చెయ్యాలి.